ఆల్టో సిగ్నల్ దగ్గర వణుకుతోంది, ఘాట్‌లో వేడెక్కుతోంది: ఇంజన్ విప్పించాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గోపాలపట్నం. ఎనిమిది నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో 2011 మోడల్ ఆల్టో కొన్నాను. 796 సీసీ పెట్రోల్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు ఓనరు పెదవాల్తేరులో బీచ్‌కి దగ్గర్లో ఉండేవారు. నేను రోజూ గాజువాక డ్యూటీకి వెళ్లొస్తాను. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే బండి మొత్తం వణుకుతోంది, ఈమధ్య మరీ ఎక్కువైంది. మైలేజ్ కొన్నప్పటి నుంచీ 12 దాటలేదు, ఇదే రూట్‌లో తిరిగే మా కొలీగ్ ఆల్టోకి 16 వస్తోంది. పోయిన నెల పిల్లలతో అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, ఆపి నీళ్లు పోసుకుని వెళ్లాం. మామూలుగా అయితే ఆ ముల్లు సగానికి కూడా రాదు. మెకానిక్ చూసి ఇంజన్ వీక్ అయింది, విప్పి బోరు కొట్టించి రింగులు వెయ్యాలి, 35 వేలు అవుతుందన్నాడు. చేయించమంటారా, అమ్మేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ఇంజన్ ఇప్పుడే విప్పించకండి, బండిని ఇప్పుడే అమ్మకండి. 35 వేలు పెట్టే ముందు చిన్న ఖర్చుతో అయిపోయే పరీక్షలు కొన్ని ఉన్నాయి, అవి చేయకుండా బోరు దాకా (అంటే అరిగిన సిలిండర్ల లోపలి గోడల్ని మళ్లీ చెక్కించేదాకా) వెళ్లడం జ్వరం వచ్చిందని నేరుగా ఆపరేషన్‌కి తీసుకెళ్లడం లాంటిది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు పెద్దగా రాసిన మూడు ఇబ్బందుల కన్నా మాటవరసకు రాసిన ఒక చిన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "మామూలుగా అయితే ఆ ముల్లు సగానికి కూడా రాదు."

ముల్లు కిందే ఉంటే మంచిదే కదా, ఇంజన్ చల్లగా ఉంటోంది కదా అని చాలామంది అనుకుంటారు. కాదండీ. ఏ పెట్రోల్ ఇంజన్ అయినా ఒక వేడికి వచ్చాకే సరిగ్గా పనిచేస్తుంది. ఆ వేడిని నిలబెట్టడానికి థర్మోస్టాట్ అని ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉండి నీటిని రేడియేటర్‌కి పోనివ్వదు, ఎనభై డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. ఇలాంటి బండి ఓ పది నిమిషాలు నడిచాక ముల్లు సగం దగ్గరికి వచ్చి అక్కడే నిలబడాలి. గాజువాక దాకా వెళ్లినా సగానికి రావడం లేదంటే మీ బండిలో థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండాలి, లేదా ఎవరో దాన్ని పీకేసి ఉండాలి. రెండోదే అని నా అనుమానం. మన దగ్గర "ఈ ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదు" అని తీసేసే అలవాటు పాత కాలం నుంచీ ఉంది. బండి ఎప్పుడైనా వేడెక్కితే అసలు కారణం వెతక్కుండా దాన్ని తీసి పక్కన పడేస్తారు. ఊళ్లో తిరిగినంత కాలం ముల్లు కిందే ఉంటుంది, అంతా బాగైపోయిందనిపిస్తుంది.

మీ మైలేజ్ పోయేది కూడా ఎక్కువగా అక్కడే అనుకుంటున్నాను. మీది ఎంపీఎఫ్ఐ ఇంజన్, అంటే ఎంత పెట్రోల్ చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. నీటి వేడిని చెప్పే సెన్సార్ "ఇంకా చల్లగానే ఉంది" అని చెబుతున్నంతసేపు, అది పొద్దున్నే స్టార్ట్ చేసినప్పటిలా పెట్రోల్ ఎక్కువ కలుపుతూనే ఉంటుంది. మీరు డ్యూటీకి వెళ్లే దారంతా అప్పుడే స్టార్ట్ చేసిన బండిని నడిపినట్టే. పైగా ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, అందులో చేరిన తేమ, పెట్రోల్ ఆవిరైపోవు, ఇంజన్ లోపలి భాగాలు అరిగేది కూడా ఇలాంటప్పుడే.

ఇది మీరే ఇంట్లో చూసుకోవచ్చు. పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి రేడియేటర్ పైభాగానికి వచ్చే లావు రబ్బరు హోస్‌ని చేత్తో పట్టుకోండి (ఫ్యాన్‌కి, బెల్టుకి చెయ్యి, చొక్కా అంచు దూరంగా ఉంచండి). థర్మోస్టాట్ బాగుంటే ఆ హోస్ కొన్ని నిమిషాల పాటు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతూ పోతే లోపల థర్మోస్టాట్ లేదనో, మూసుకోవడం లేదనో అర్థం. హోస్ సరిగ్గానే వేడెక్కి, ముల్లు మాత్రం లేవకపోతే సెన్సార్‌నో మీటర్‌నో చూడాలి. కొత్త థర్మోస్టాట్ ఖరీదైన వస్తువేమీ కాదు.

అయితే ఇక్కడే నాకు ఇంకో ఆలోచన వస్తోంది, దాన్ని మీకు చెప్పకుండా ఉండలేను. థర్మోస్టాట్ తీసేశారంటే, మీ చేతికి రాకముందే ఈ బండి ఒకసారి గట్టిగా వేడెక్కి ఉండవచ్చు. అనంతగిరిలో మీరు చూసింది ఆ పాత జబ్బే మళ్లీ బయటపడటం కావచ్చు. ఊళ్లో దాన్ని కప్పిపెట్టారు, ఘాట్‌లో కప్పిపెట్టలేకపోయారు.

ఘాట్ ఎందుకంత కష్టమో ఒక చిన్న లెక్క చెబుతాను. మన విశాఖ సముద్రం ఒడ్డు, అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు. మీ బండి, నలుగురు మనుషులు, సామాను కలిపి దాదాపు టన్ను బరువు. ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికే, రోడ్డు మీద కదలడం సంగతి పక్కన పెడితే, సుమారు ఒక లీటరు పెట్రోల్ అదనంగా ఖర్చవుతుంది. ఎందుకంటే లీటరులో ఉన్న శక్తిలో ఓ పాతిక శాతం మాత్రమే చక్రాల దాకా వస్తుంది. మిగతాదంతా వేడి. కొంత సైలెన్సర్ గుండా పోతుంది, కొంత రేడియేటర్ గుండానే పోవాలి. అదీ ఎప్పుడు? బండి రెండో గేర్‌లో మెల్లగా ఎక్కుతూ, ముందు నుంచి గాలి సరిగ్గా తగలనప్పుడు, ఏసీ కండెన్సర్ కూడా రేడియేటర్ ముందే ఉండి దాని వేడి కూడా వదులుతున్నప్పుడు. రేడియేటర్ సగం మూసుకుపోయి ఉన్నా మీరు రోజూ వెళ్లే ఎన్ఏడీ, షీలానగర్ రోడ్డులో ఏమీ తెలియదు. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక తెలుస్తుంది.

రేడియేటర్ ఎందుకు మూసుకుపోతుంది అంటే, మనం పోసే నీళ్ల వల్లే. బోరుబావి నీళ్లలో ఉప్పులుంటాయి, అవి లోపలి సన్నటి గొట్టాల్లో పేరుకుంటాయి. మీరు ఘాట్‌లో పోసిన నీళ్లు కూడా ఇప్పుడు అందులోనే ఉన్నాయి కదా. బండి పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. పచ్చగానో, ఎర్రగానో, నీలంగానో తేటగా కనిపిస్తే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీటిలో కలిపే రంగు ద్రవం) ఉన్నట్టు. టీ రంగులో, తుప్పు నీళ్లలా ఉంటే ఏళ్ల తరబడి ఉత్త నీళ్లే తిరుగుతున్నట్టు. అలా ఉంటే రేడియేటర్ దించి శుభ్రం చేయించండి, మరీ పాడైతే మార్పించండి, తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. మూత కూడా కొత్తది వేయించండి. దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ ఆ మూత స్ప్రింగు ఒత్తిడి పట్టి ఉంచడం వల్లే లోపలి నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. అరకు ఎత్తులో బయట పెట్టిన నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, అక్కడ మూత వదులైతే నీళ్లు ఎంత త్వరగా పొంగి పోతాయో ఆలోచించండి.

ఫ్యాన్ సంగతి కూడా చూడాలి. బండి నిలబెట్టి ఏసీ ఆపి ఇంజన్ నడవనివ్వండి. ముల్లు సగం దాటి కొంచెం పైకి వెళ్లేసరికి ఫ్యాన్ దానంతట అది తిరగాలి. మీ బండిలో ముల్లే లేవదు కాబట్టి ఈ పరీక్ష కొత్త థర్మోస్టాట్ వేశాకే చేయాలి. కొన్ని సెకండ్ హ్యాండ్ బండ్లలో సెన్సార్ పాడైతే ఫ్యాన్‌ని స్విచ్‌కి డైరెక్ట్ చేసేస్తారు, మీ డ్యాష్‌బోర్డు కింద అలాంటి అదనపు స్విచ్ ఏదైనా ఉందేమో చూడండి.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నా మొదటి బండి, పాత మారుతి 800, అందులోనూ ఇదే 796 సీసీ సైజు ఇంజన్, దాన్ని ఒక షెడ్డులో ఇలాగే థర్మోస్టాట్ తీసేసి ఇచ్చారు. నాకు ఆ విషయం తెలియదు. ఇంట్లోవాళ్లతో అదే ఘాట్‌లో వెళ్తూ ముల్లు పైకి పోవడం చూశాను, ఇంకో నాలుగు కిలోమీటర్లు వెళ్తే ఊరు వస్తుంది కదా అని ఆపకుండా లాగించాను. ఆ నాలుగు కిలోమీటర్లలోనే హెడ్ బెండ్ అయింది. సిలిండర్ హెడ్ అల్యూమినియం, అతిగా వేడెక్కితే వంగిపోతుంది, దాని కింద సీలులా ఉండే గాస్కెట్ పోతుంది. లారీ మీద బండిని కిందికి తెచ్చుకున్నాం. మీరు ఆపారు, మంచి పని చేశారు. కానీ ఇంకెప్పుడూ వేడి మీద మూత తీయకండి, ఆ ఆవిరి మొహం మీదికి కొడుతుంది, వేడి ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది. ముల్లు పైకి పోతే ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్‌గా పెట్టి, నీడ చూసుకుని ఆపేయండి. కనీసం అరగంట, ముప్పావుగంట ఆగాల్సిందే.

ఇప్పుడు వణుకు దగ్గరికి వద్దాం. మీ ఇంజన్ పేరు ఎఫ్8డి. ఇందులో మూడు సిలిండర్లు ఉంటాయి. దాని టార్క్, అంటే లాగే బలం, 3000 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఎక్కువగా వస్తుంది. మూడు సిలిండర్ల ఇంజన్ కొంత వణకడం దాని పుట్టుకలోనే ఉంది. నాలుగు సిలిండర్లదైతే క్రాంక్ 180 డిగ్రీలు తిరిగేసరికి ఒక సిలిండర్ మండుతుంది, ఇందులో 240 డిగ్రీలకోసారి. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు, 900 ఆర్పీఎం దగ్గర సెకనుకు ఇరవై రెండు దెబ్బలు పడతాయి. వాటిలో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోతే మూడో వంతు బలం పోయినట్టే, దానికి తోడు ఏసీ కంప్రెసర్ బరువు. మొత్తం బండి ఊగిపోతుంది. కాబట్టి వణుకు కనిపించగానే ఇంజన్ పోయిందనుకోవద్దు.

ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు ముందు చూడమనండి. పద్నాలుగు పదిహేనేళ్ల బండిలో ఆ రబ్బర్లు గట్టిపడి, చీలిపోయి ఉండటం సహజం. ఇంజన్ మామూలుగా వణికినా ఆ వణుకంతా స్టీరింగుకీ సీటుకీ వస్తుంది. గుర్తుపట్టడం సులువు: ఇంజన్ శబ్దం సమంగా ఉండి వణుకు మాత్రమే ఉంటే మౌంటింగులు, శబ్దంలోనే మధ్యమధ్య ఎగుడుదిగుడుగా "మిస్" వినిపిస్తే మండటంలో లోపం. మిస్ అయితే మూడు స్పార్క్ ప్లగ్గులూ మార్చడంతో మొదలుపెట్టండి, వందల్లో అయిపోయే పని. తీసిన పాత ప్లగ్గులను పారేయనివ్వకండి, వరసగా పెట్టి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు, నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు (మీ బండిలో ఇదే కనిపిస్తుందని నేననుకుంటున్నాను), తడిగా ఆయిల్ జిడ్డు ఉంటే అప్పుడు రింగుల గురించీ వాల్వ్ సీళ్ల గురించీ ఆలోచించాలి. ఆ తర్వాత థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారం), ఐడిల్ స్పీడ్ వాల్వ్ క్లీన్ చేయించండి. ఏసీ వేసినప్పుడు ఐడిల్ పడిపోకుండా కొంచెం గాలి అదనంగా వదిలేది ఆ వాల్వే, అది మసి పట్టి ఇరుక్కుంటే మీరు చెప్పినట్టే ఏసీ వేసినప్పుడే వణుకు ఎక్కువవుతుంది.

ముందు ఓనరు బీచ్ దగ్గర ఉండేవారని రాశారు కాబట్టి ఎర్త్ వైర్లు తప్పకుండా చూపించండి. ఉప్పుగాలి మొదట తినేది వీటినే. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకీ ఇంజన్‌కీ వెళ్లే వైర్ల కొసల్లో పచ్చటి, తెల్లటి పొడి కనిపిస్తే విప్పి గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయమనండి. ఎర్త్ సరిగ్గా లేకపోతే సెన్సార్లు తప్పు చెబుతాయి, కొత్త సెన్సార్ వేసినా బాగవదు, జనం వాటి మీద అనవసరంగా వేలు పోస్తుంటారు. వెనక చక్రాల హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా ఇదే ఉప్పుగాలికి తుప్పుపట్టి వదలకుండా పట్టేస్తుంటుంది, అదీ మైలేజ్‌ని తినేస్తుంది. సమంగా ఉన్న రోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టి ఒక్కరు తోస్తే బండి సులువుగా కదలాలి.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ వల్లేనా అనే అనుమానం మీకు వచ్చే ఉంటుంది, అందరికీ వస్తోంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి ఐదో వంతు కలిపితే ఆరేడు శాతం తేడా రావచ్చు. 16 వచ్చేది 15 అవుతుంది గానీ 12 కాదు. మీ కొలీగ్ కూడా అదే పెట్రోల్ పోసుకుంటున్నారు కదా. అయితే పాత బండి కాబట్టి పెట్రోల్ రబ్బరు పైపులు ఉబ్బాయా, పగుళ్లు వచ్చాయా అని ఏడాదికోసారి చూపించండి. బానెట్ కింద పెట్రోల్ వాసన వస్తే ఆ రోజే షెడ్డుకి తీసుకెళ్లండి.

ఇవన్నీ అయ్యాక కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలబడుతుందో కొలవడం. బోరు మాట ఎత్తే ముందు దీన్ని చేయకపోవడమే మీ మెకానిక్ విషయంలో నాకు నచ్చనిది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూడు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ కనెక్షన్లు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి చూస్తారు. మూడూ తగినంత ఉండి, దగ్గరదగ్గరగా ఉంటే మీ ఇంజన్‌కి బోరు అక్కర్లేదు. ఒకటి బాగా తక్కువగా ఉంటే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఇప్పుడు పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య గాస్కెట్ పోయిందని నేను అనుమానిస్తాను, మీ బండి చరిత్ర తెలిసింది కాబట్టి మరీ. గాస్కెట్ అయితే హెడ్ దించి ఫేసింగ్ కొట్టించి (అడుగు చదును చేయించి) కొత్తది వేస్తే సరిపోతుంది, బోరుతో పనిలేదు. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతున్నా, చల్లటి బండి మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ మూత కింద గడ్డపెరుగు లాంటి తెల్లటి జిడ్డు కనిపించినా గాస్కెట్ వైపే చూపిస్తాయి. ఆ జిడ్డు కొద్దిగా ఉంటే మాత్రం కంగారుపడకండి, ఎప్పుడూ చల్లగా నడిచే ఇంజన్‌లో తేమ వల్ల కూడా అది వస్తుంది. అసలు బోరు కొట్టించాల్సిన బండి నీలం పొగ వదులుతుంది, వెయ్యి కిలోమీటర్లకే డిప్‌స్టిక్ మీద ఆయిల్ గుర్తు దిగిపోతుంది. మీరు ఈ రెండూ రాయలేదు.

మెకానిక్‌తో గొడవ వద్దు. "అన్నా, విప్పే ముందు కంప్రెషన్ చూసి మూడు రీడింగులూ రాసివ్వు, దాని డబ్బులు వేరే ఇస్తాను" అని అడగండి. గేజ్ లేదంటే ఆటోనగర్‌లో ఎవరి దగ్గరైనా దొరుకుతుంది.

ఇంజన్ వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ బెల్ట్ సంగతి మీరు అడగలేదు గానీ నేను చెప్పాలి. అదే రోజుల్లో వచ్చిన కే10 ఆల్టోలో 998 సీసీ ఇంజన్‌కి చైన్ ఉంటుంది, మీదాంట్లో ఉండేది రబ్బరు బెల్ట్. కిలోమీటర్లు తక్కువే తిరిగినా ఇన్నేళ్లకి రబ్బరు ఎండిపోతుంది. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌తో కలిపి మార్పించేయండి. అది తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, ఎయిర్‌పోర్ట్ రోడ్డులో లారీల మధ్య ఆగితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి. మీ బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది, రెన్యువల్ చేయిస్తే ఇంకో ఐదేళ్లు వాడుకోవచ్చు. కంప్రెషన్ బాగుంటే నేనైతే పైన చెప్పినవన్నీ చేయించి బండి ఉంచుకుంటాను. గాస్కెట్ ఒక్కటే అయినా ఉంచుకుంటాను. మూడు సిలిండర్లూ నిజంగా అరిగిపోయి ఉంటే మాత్రం 35 వేలు పెట్టకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, థర్మోస్టాట్ సంగతి కూడా దాచకుండా, వచ్చిన ధరకి ఇచ్చేయండి. మీకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు కదా.

ఇవి అయ్యేదాకా పిల్లలతో అరకు వద్దు. అన్నీ అయ్యాక మొదట మీకు దగ్గరే కదా, సింహాచలం కొండ ఎక్కి చూడండి. మూడో గేర్‌లో ఇంజన్ మూలుగుతుంటే లాగించకండి, రెండులోకి దించి 3000 ఆర్పీఎం చుట్టుపక్కల హాయిగా తిరగనివ్వండి, దాని టార్క్ ఉన్నది అక్కడే. పైకి చేరేసరికి ముల్లు సగం దగ్గరి నుంచి ఎంతవరకు కదిలిందో చూసుకోండి. ఆ సంగతీ, మూడు కంప్రెషన్ రీడింగులూ, తీసిన ప్లగ్గులు ఏ రంగులో ఉన్నాయో కూడా రాయండి, తర్వాత ఏం చేయాలో కలిసి చూద్దాం.